దూదికి అంటిన రంగు

మంగళవారం ఉదయం ఏడున్నరకు వడ్రంగి తన షెడ్డుకు తాళం వేశాడు. పద్నాలుగేళ్లలో పనిరోజున తాళం పడటం అదే మొదటిసారి.

ఐదు రోజుల క్రితం ఆయన కూతురు కాలేజీ మెట్ల మీద జారి పడింది. పక్కటెముక విరిగిందేమోనని స్కాన్ తీశారు. ఎముక బాగానే ఉంది. ఊపిరితిత్తుల్లో మాత్రం ఆవగింజంత గడ్డలు పదిహేడు కనిపించాయి. అవేమిటో తేలాలంటే గురువారం ఆపరేషన్ చేసి ఒక ముక్క తీయాలన్నారు.

“ఇప్పుడా తాళం వేసేది?” అంది భార్య. “షెడ్డు ఇంటికి దూరంగా పెట్టండని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? అన్నంలో కూడా రంపప్పొట్టే తిన్నాం.”

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“నాన్నని వదిలెయ్యమ్మా,” అంది కూతురు. “ఆ లెక్కన నీ పౌడరు కూడా పీల్చాను నేను.”

“నా పౌడరుకి ఎవరూ దగ్గలేదులే.”

భార్య పెళ్లిళ్లకు మేకప్ వేస్తుంది. ఆమె చెంపల మీద, ముక్కుకు రెండు పక్కలా చిన్నప్పటి నుంచి ఎర్రటి పొక్కులున్నాయి. పెళ్లయ్యాక క్రీము లేకుండా ఆమెను భర్త, కూతురు తప్ప ఎవరూ చూడలేదు. కూతురి వీపు మీద తెల్లమచ్చలున్నాయి, ఆకుల్లా. మూడో ఏటి నుంచి వాటి మీద ఒంటిరంగు క్రీము అద్దేది తల్లే. ఆసుపత్రి ఫారంలో చర్మం మీద మచ్చలున్నాయా అన్నచోట ‘లేవు’ అని రాసిందీ ఆమే. గురువారం పొద్దున కూడా అద్దింది.

ఆపరేషన్‌కు ముందు నర్సు వీపు తుడిచింది. దూది గోధుమరంగుకు తిరిగింది. నర్సు డాక్టరును పిలిచింది. డాక్టరు మచ్చలు లెక్కపెట్టి, తల్లిదండ్రులను లోపలికి రమ్మంది.

“ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి మచ్చలు గానీ, మొహం మీద పొక్కులు గానీ ఉన్నాయా?”

వడ్రంగి భార్య వైపు చూసి, తల దించుకున్నాడు.

“నా షెడ్డు దుమ్మేనండీ,” అన్నాడు. “తప్పు నాదే.”

భార్య నర్సు చేతిలోని దూది తీసుకుంది. ముందు కుడి చెంప తుడుచుకుంది, తర్వాత ఎడమ.

డాక్టరు దగ్గరికొచ్చి చూసింది. “దుమ్ముకీ దీనికీ సంబంధం లేదు. ఆ మచ్చలు, ఈ పొక్కులు, ఊపిరితిత్తుల్లో గడ్డలు అన్నీ ఒక జన్యువులో లోపం వల్లే. తల్లికుంటే బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం. ఈ గడ్డలు క్యాన్సరు కావు. ఆపరేషన్ అక్కర్లేదు. కిడ్నీలు, మెదడు ఇద్దరికీ స్కాన్ తీయాలి. మచ్చలు మొదటిరోజే చూపించి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు.”

వరండాలో భార్య బెంచీ మీద కూలబడింది. “నా సిగ్గు కోసం పిల్లని కత్తి కిందకి పంపబోయాను. పైగా మిమ్మల్ని అన్నాను.”

“నేనూ రోజూ చూస్తున్నవే కదా,” అన్నాడాయన. “ఒక్కసారైనా అడిగానా?”

కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. “వీపు చల్లగా ఉందమ్మా. నీ చున్నీ ఇటివ్వు.”

తల్లి చున్నీ కప్పి, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది.

ఐదు వారాలకు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. తల్లిలో, కూతురిలో ఉన్నది ఒకే లోపం. మర్నాడు ఉదయం ఏడున్నరకు షెడ్డు తాళం భార్య తీసింది. మొహానికి క్రీము లేదు.