పదిహేడో తారీఖు నీటిచుక్క

మీట నొక్కానా? నొక్కాననే చిజురు అనుకుంటోంది. కానీ గుర్తున్నది ఇవాళ నొక్కిందా, నిన్న నొక్కిందా? అమ్మకూ ఇలాగే మొదలైంది, యాభై రెండేళ్లకి. పొయ్యి ఆర్పానా అంటూ వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చేది. చివరికి కూతురి పేరే అడిగింది.

జపాన్‌లోని కనజవాలో ప్రైవేటు డిటెక్టివ్ కురేమత్సు ఎదుట, తడి గొడుగు ఒళ్లో పెట్టుకుని అదే చెప్పింది. "తప్పు చేసినవాళ్లని పట్టుకోమనడం లేదండీ. ఆ తప్పు నాదేనేమో తేల్చండి, చాలు."

సెగవా దంతవైద్యశాలలో ఆమె పని ఒకటే. కొత్త పన్ను నిలిపేందుకు దవడ ఎముకలో బిగించే టైటానియం మరను ఆపరేషన్‌కు ముందు, మీట నొక్కి పన్నెండు నిమిషాలు అతినీలలోహిత దీపం కాంతిలో ఉంచాలి. నిలవున్న లోహానికి గాలిలోని జిడ్డు పడుతుంది. ఆ కాంతి దాన్ని వదలగొడుతుంది. అప్పుడు నీటిచుక్క దానిమీద పరుచుకుంటుంది, ఎముక త్వరగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. మూడుసార్లు డాక్టరు పరీక్షిస్తే, అసలు కాంతే పట్టనట్టు చుక్క పూసలా నిలబడింది. మూడుసార్లూ ఆపరేషన్ ఆగింది. ఇంకోసారి జరిగితే పనిలోకి రావద్దన్నాడు.

"కాంతి పట్టించాక ఆ మర ఎక్కడుంటుంది?"

"పళ్లెంలో, మూతపెట్టి. రోగికి మత్తు ఎక్కేదాకా పక్కగదిలో బల్లమీద. అక్కడెవరూ ఉండరు."

"ఆ మూడూ ఏయే రోజులు?"

"ఏప్రిల్ పదిహేడు, మే పదిహేడు, మొన్న జూన్ పదిహేడు."

రాసుకుంటున్న సహాయకురాలు హత్తా తలెత్తింది. "మతిమరుపు క్యాలెండరు చూసుకుని వస్తుందేమిటి సార్!"

"నేననబోయింది నువ్వే అనేశావు," అన్నాడు కురేమత్సు.

మర్నాడు వైద్యశాలలో అతను పళ్లెం మూత వాసన చూశాడు. తర్వాత డాక్టరు ఇల్లున్న మేడెక్కాడు. డాక్టరు తల్లి హిసానో భర్త పటం ముందు వేడి అన్నం పెడుతోంది. పక్కన అగరుధూపం. చెక్కపలక మీద ఆయన పోయిన రోజు: మార్చి పదిహేడు.

"ఆయనకు పెట్టకుండా నేను ముట్టను నాయనా," అందామె.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, చిజురు చేత రెండు మరలకు కాంతి పట్టించాడు. ఒకటి అక్కడే ఉంచాడు. రెండోదాన్ని హత్తా మేడమీద ధూపం దగ్గర పది నిమిషాలు పెట్టి తెచ్చింది. మొదటిదానిమీద చుక్క పరుచుకుంది. రెండోదానిమీద పూసలా నిలబడింది.

"చిజురు గారు ప్రతిసారీ మీట నొక్కారు," అన్నాడు కురేమత్సు. "లోహానికి మళ్లీ జిడ్డు పట్టించింది అగరుపొగ. మూతకు ఆ వాసన ఇంకా ఉంది. నెలనెలా ఆయన పోయిన తారీఖునే ఎవరో పళ్లెం పైకి తీసుకెళ్లారు."

హిసానో తల వంచుకుంది. "నేనేనయ్యా. బతికినన్నాళ్లూ ఈ వైద్యశాలలోనే రోగులకు కట్టుడుపళ్లు అరగదీసి ఇస్తూనే ఉన్నాడు. ఈ దీపం రావడానికి వారం ముందు పోయాడు. కొత్తది ఏదొచ్చినా ముందు ఆయనకేగా చూపించాలి."

"అమ్మా! రోగి ఎముకలో పెట్టేదానికి మూత తీశావా?"

"తియ్యకపోతే ఆయనకెలా కనిపిస్తుందిరా?"

డాక్టరుకు నవ్వు రాబోయి ఆగిపోయింది. లేచి చిజురు ముందు నడుం వంచి క్షమాపణ అడిగాడు. ముసలామె చిజురు చెయ్యి పట్టుకుంది. "నా మూలాన నిన్ను నువ్వే అనుమానించుకున్నావు కదే తల్లీ."

"పనికిరాని మరలు నా దగ్గర ఉన్నాయండీ," అంది చిజురు. " పదిహేడున ఒకటి తెచ్చిస్తాను, ఆయనకు చూపిద్దురుగాని."

మర్నాడు ఉదయం చిజురు మర లోపల పెట్టి మీట నొక్కింది. తలుపు దాకా వెళ్లాక మెడ అలవాటుగా వెనక్కి తిరగబోయింది.

తిరక్కుండానే బయటికి వచ్చి తలుపు మూసింది.