బ్రేక్ మీద పసుపు గీత

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఐదుగురున్నారు. రాడార్ సైంటిస్టు, ఆయన అక్క, పచ్చ కళ్లద్దాల అతిథి, వంటింట్లో ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి, గ్యారేజీలో ఎర్ర స్పోర్ట్స్ కారు కింద మోచేతుల దాకా గ్రీజుతో పిచ్చుక.

పిచ్చుక సీక్రెట్ ఏజెంట్. ఎనిమిది నెలలుగా ఆ కారుకి మెకానిక్ వేషం. చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చాలా చిన్నది.

"విదేశీ ముఠా ఆయన్ని చంపాలని చూస్తోంది. యాక్సిడెంట్ అనిపించేలా. నువ్వెవరో ఆయనకి ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే బెదిరిపోయి పరిశోధన ఆపేస్తాడు."

సైంటిస్టుకి ఆదివారం ట్రాక్ మీద కారు తోలకపోతే తిన్నది ఒంటబట్టదు. ట్రాక్ అంటే బ్రేకులు నిప్పులు కక్కే చోటు. అందుకే పిచ్చుక ప్రతి వారం ఇంజిన్ ఆయిల్, ప్యాడ్లు, టైర్లు చూసేది. బ్రేక్ ఆయిల్ మార్చేది. బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్క ఇనుము మీదా కలిపి సన్నటి పసుపు గీత గీసేది. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగిపోతుంది.

"చాదస్తం గారూ, అయిందా తనిఖీ?" అన్నాడు సైంటిస్టు.

"అయింది సార్. ఆ తిన్నటి దారిలో, స్ట్రెయిట్ సగంలో..."

"ఒకసారి బ్రేకు తట్టి చూడాలి. తెలుసు తల్లీ! నిద్రలో కూడా నా కాలు అదే పని చేస్తోంది."

"అమ్మడూ, టీ చల్లారిపోతోంది," లోపల్నుంచి అక్క కేకేసింది.

పిచ్చుక టీకి వెళ్లింది. గ్యారేజీలో పచ్చ కళ్లద్దాలావిడ ఒక్కతే మిగిలింది. ఆవిడ కోడ్ పేరు హంస. ముఠాలోకి ఆఫీసు పంపిన సొంత మనిషి. అందుకే తిరిగొచ్చాక పిచ్చుక గీతలు మళ్లీ చూడలేదు.

అక్కను ఇంట్లో వదిలి ముగ్గురూ ట్రాక్‌కి వెళ్లారు. సైంటిస్టు హెల్మెట్ పెట్టుకుని కారులో కూర్చున్నాడు. పిచ్చుక గాలి కొలిచే గేజ్‌తో ముందు టైరు దగ్గర వంగింది. ఆ గేజ్ లోపల రేడియో కూడా ఉంది. మాట్లాడింది మాట్లాడినట్టు చీఫ్‌కి చేరుతుంది. చక్రం సందుల్లోంచి బ్రేకు కనిపించింది. గీత రెండు ముక్కలైంది.

ఎవరో ఆ నట్టు వదులు చేసి, బ్రేక్ ఆయిల్‌లోకి సిరంజితో నీళ్లు ఎక్కించి, మళ్లీ బిగించారు. చల్లగా ఉన్నంతసేపు పెడల్ గట్టిగానే ఉంటుంది. మూడో ల్యాప్‌కి నీళ్లు మరిగి ఆవిరవుతాయి. తొక్కితే పెడల్ నేలకంటుతుంది. స్ట్రెయిట్ చివర గోడ.

పిచ్చుక లేవబోయింది. పక్కటెముకల దగ్గర చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్.

"ఇందులో తూటా ఒకటే," చెవిలో అంది హంస. "నీ ప్రాణం నీకు లెక్కలేదని తెలుసు. ఇంట్లో ఏసీ మనిషి మావాడే. నువ్వు నోరు తెరిస్తే అక్కగారుండరు."

"నువ్వు మనదానివి కదే!"

"రెండు పడవల మీదా కాళ్లు బాగానే కుదిరాయి."

కారులోంచి సైంటిస్టు బొటనవేలెత్తాడు. పిచ్చుక కూడా ఎత్తింది. అంతకంటే ఏం చెయ్యగలదు? కారు దూసుకుపోయింది.

గేజ్‌లోంచి ఉలుకూ పలుకూ లేదు. చీఫ్ విన్నాడో లేదో తెలీదు. అరిస్తే అక్క, అరవకపోతే తమ్ముడు. ఎనిమిది నెలలు ఆ కారులో ప్రతి మరనీ తాకిన చేతులు ఇప్పుడు ఖాళీగా వేలాడుతున్నాయి.

"ఒకటి," అంది హంస. కారు ఎదురుగా దూసుకెళ్లింది. "రెండు."

పిచ్చుకకి కళ్లు మూసుకోవాలనిపించింది. మూయలేకపోయింది.

"మూడు."

స్ట్రెయిట్ సగంలో కారు వెనక ఎర్ర బ్రేకు లైటు ఒకసారి మిణుక్కుమంది. ఆ తర్వాత దడదడా పదిసార్లు. ఇంజిన్ గొంతు మారింది. ఒక గేరు, ఇంకో గేరు దిగింది. కారు తారు వదిలి ఇసుకలోకి దూకి, గోడకి జానెడు దూరంలో కూరుకుపోయింది. అందులోంచి సైంటిస్టు పాక్కుంటూ బయటికొచ్చాడు.

హంస నోరెళ్లబెట్టింది. గేజ్ గరగరలాడింది.

"అక్కగారు క్షేమం. ఏసీ మనిషి దొరికాడు. ఏసీ మాత్రం బాగవలేదు."

పిచ్చుక అదే గేజ్‌తో హంస మణికట్టు మీద ఒక్కటిచ్చింది. తెల్ల కోట్లలో ఆఫీసు మనుషులిద్దరొచ్చి, "ఎండకి కళ్లు తిరిగాయి పాపం" అంటూ హంసని మోసుకుపోయారు.

సాయంత్రం ఇంటి గుమ్మంలో సైంటిస్టు పిచ్చుకకి అడ్డంగా నిలబడ్డాడు.

"బ్రేక్ ఆయిల్‌లో నీళ్లా? ఎనిమిది నెలలు గీతలు గీసి చేసిన నిర్వాకం ఇదా?"

"ఒరేయ్, పిల్లనలా అనకు," అంది వెనకనుంచి అక్క.

"నువ్వుండక్కా. సగంలో బ్రేకు తట్టి చూడబట్టి బతికాను. అది నా సొంత అలవాటు కాబట్టి సరిపోయింది!"

"సార్..."

"నోరు మెదపకు. శభాష్," చెవిలో దాచిన కొత్త రేడియోలోంచి చీఫ్.

"రేపట్నుంచి రాకు," అని సైంటిస్టు ఆమె ముఖం మీదే తలుపేశాడు. కీలు కీచుమంది.

దీనికీ ఒక చుక్క నూనె పడాలి, అనుకుంది పిచ్చుక.