ఎండలో ఆరేసిన స్కీలు

"యే కిస్ దర్వాజే కా హై?" అని హిందీలో అడిగాడు లింబాద్రి, అవి ఏ తలుపువోననుకుని.

దుప్పటిలో చుట్టి తెచ్చిన నాలుగు పొడుగాటి చెక్కల్ని అతని బల్ల మీదికి దించుతూ ఆ అమ్మాయి ఆయాసంతో అంది. "దర్వాజే కా నహీ. పైర్ కా హై."

"పైర్ కా?"

లింబాద్రి ఆమె కాళ్ళకేసి చూశాడు. చిన్న చెప్పులు, చిన్న పాదాలు. చెక్కలు మాత్రం అతనంత పొడుగున్నాయి. మళ్ళీ ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ చూడ్డానికి కాస్త ఎక్కువే ఉండడంతో చూపు అక్కడే ఆగిపోయింది.

"ఈయనగారికి చెప్పేసరికి నాకు వంట టైమ్ అయిపోద్ది. బుర్ర నిండా రంపంపొట్టే ఉన్నట్టుంది" అని ఆ అమ్మాయి తెలుగులో గొణుక్కుంది.

"పొట్టు నెత్తి మీదనే ఉన్నది మేడమ్. లోపలికి ఇంకా పోలేదు" అన్నాడు లింబాద్రి జుట్టు దులుపుకుంటూ.

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో! తెలుగువాళ్ళాండీ?"

"ఆర్మూర్ దిక్కు. మీరు గోదారోళ్ళు గద?"

"ఎలా కనిపెట్టారండీ?"

"తిట్టినంక గూడ అండీ అంటున్రు గద, అందుకే."

ఆ అమ్మాయి పేరు సుమలత. ఊరు ఆత్రేయపురం. రుస్తాఖ్ బజారు వెనక వీధిలో లింబాద్రి పనిచేసే ఫర్నిచర్ వర్క్‌షాప్‌కి రెండు సందుల అవతల ఒక ఒమానీ ఇంట్లో వంటా, ఇంటిపనీ చూస్తుంది. ఆ చెక్కలు ఆ ఇంటి చిన్నమ్మాయి జాహిదావి. వాటిని స్కీలంటారు. కాళ్ళకు బిగించుకుని మంచు మీద జారతారు.

ఒమన్‌లో మంచెక్కడిదని లింబాద్రి కూడా అడిగాడు. మస్కట్‌లో ఒక మాల్ లోపల పెద్ద హాలంతా మంచు పోసి ఉంచారని, కాలేజీ సెలవైతే జాహిదా అక్కడే ఉంటుందని సుమలత చెప్పింది. ఆ పిల్ల ఊరికే జారదు. ఇనుప కడ్డీలెక్కి జారుతుంది, గాల్లోకి ఎగిరి తిరుగుతుంది, వెనక్కి కూడా జారుతుంది. ఆ ఆటను ఫ్రీస్టైల్ అంటారట. అందుకే ఆ స్కీలకు రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి.

"ఈ పాత జత మంచిదండీ. ఈ కొత్త జత చూడండి, ఒక స్కీ మూతి ఎలా తెరుచుకుందో. మొన్న ఎగిరి దిగేటప్పుడు ఇలా విడిపోయి, పాపం చిన్న మేడమ్ కిందపడ్డారు. చీలమండ బెణికింది. దీన్ని అతికించమన్నారు. పాతవి మీకు నమూనాకి పంపించారు."

చెప్పడం అయిపోయినా ఆమె కదల్లేదు. ఊడిన కొసను వేలితో నిమురుతూ నిలబడింది.

"ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడతను.

"ఒకటడుగుతాను, నిజం చెప్తారా? పోయిన వారం ఇవి తడిగా ఉన్నాయని నేనే మేడ మీద ఎండలో ఆరేశాను. పాత వాటినెప్పుడూ ఇంట్లోనే తుడిచి పెడతాను. కొత్తవి కదా, బాగా ఆరాలని మేడెక్కించాను. మే నెల ఎండ. ఆ పిల్ల పడ్డది నావల్లేనేమోనండీ."

లింబాద్రి ఆమె కళ్ళకేసి చూశాడు. అవి చెమ్మగిల్లుతున్నాయి.

"ఛ, మీ తప్పేం లేదు. ఎండకు ఇట్ల కానే కాదు. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ఠక్కున.

సుమలత ముఖం వెలిగింది. ఆ వెలుగు సాయంత్రం దాకా లింబాద్రిని వదల్లేదు. ఆ హుషారులో ఆమె చెప్పిన పనీ చేశాడు, చెప్పని పనీ చేశాడు.

రెండ్రోజుల తర్వాత ఆమె వచ్చేసరికి బల్ల మీద నాలుగు స్కీలూ క్లాంపుల మధ్య బిగించి ఉన్నాయి.

"పాతవాటిని ఎందుకు బిగించారండీ?" అంది సుమలత గొంతు మారిపోయి.

"వంకరున్నయ్ గద. నడుమ పైకి లేచింది. ఒకదాని మీద ఒకటి బోర్ల పెడితే మధ్యల చెయ్యి దూరుతున్నది. కట్టె వంకరపోతే బిగించి సాపు చేసుడే. మా పనే అది." మెచ్చుకుంటుందేమోనని ఆశగా చూశాడు.

"ఓరి దేవుడా! అది వంకర కాదండీ, స్ప్రింగ్! కాలితో తొక్కితే వంగి, మళ్ళీ పైకి తంతుంది. అలాగే కదండీ చిన్న మేడమ్ ఎగిరేది! నేను వెంట వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను. తీయండి, ముందు తీయండి!"

లింబాద్రి గబగబా పాతవాటి క్లాంపులు విప్పాడు. ఆఖరిది వదలగానే పాత స్కీ ఎగిరి అతని గడ్డానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. నడుము మళ్ళీ అలాగే లేచి ఉంది. రెండోదీ అంతే.

"బతికినం" అన్నాడు లింబాద్రి.

సుమలత కొత్తవాటి క్లాంపులు కూడా విప్పించింది. అవి కదల్లేదు. అట్టముక్కల్లా చదునుగా పడుకున్నాయి. ఒకదాన్ని మధ్యలో నొక్కి వదిలింది. సోమరిగా కొంచెం లేచి ఆగిపోయింది.

"ఇదేంటండీ? ఇద్దరికీ ఒకటే శిక్ష వేశారు కదా. అవి లేచాయి, ఇవెందుకు లేవలేదు?"

"అదే నేను గూడ అనుకుంటున్న. లోపల ఏమున్నదో."

"ఏమున్నదో అంటే? మీరు లోపల చూడలేదా?"

"లే... లేదు. కొసకు జిగురు పెట్టి బిగించిన."

"మరి ఎండవల్ల కాదని ఎలా చెప్పారు?"

లింబాద్రి తల దించుకున్నాడు. అబద్ధం చెప్పడం అతనికి బొత్తిగా చేతకాదు. మొన్న చెప్పింది కూడా అబద్ధమని ఇప్పుడే తెలిసొచ్చింది. "మీరు ఏడుస్తరేమోనని... మీ ముఖం చూసి చెప్పిన."

సుమలత కేకలు వేయలేదు. అదే అతనికి ఎక్కువ కష్టంగా అనిపించింది.

"ముఖం చూసి చెప్పే మాటలు నాకు అక్కర్లేదండీ. మా అమ్మకి నేను రోజూ అవే చెప్తాను, బాగున్నాను, బాగా తింటున్నాను అని. అవెంత పనికొస్తాయో నాకు తెలుసు. ఆ పిల్ల నన్ను అక్కా అంటుంది. నేనే పడేశానా, ఆ చెక్కే పడేసిందా, నాకు తెలియాలి. లోపల చూసి చెప్పగలిగితే చెప్పండి."

స్కీలు నాలుగూ దుప్పటిలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం. లింబాద్రి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చేత రంపం పట్టుకుని జాహిదా వాళ్ళ గేటు ముందు నిలబడ్డాడు. ఆ వేషం చూసి గేటు తీసిన సుమలతకు నవ్వొచ్చింది గానీ బయటపడనివ్వలేదు.

వరండాలో కాలికి కట్టుతో కూర్చున్న జాహిదా సంగతంతా విని హిందీలో అడిగింది. "కోసి చూస్తావా? కొయ్యి. మళ్ళీ వాటి మీద నేనెలాగూ ఎక్కను. నాకూ చూడాలనుంది."

అతను ఊడిన స్కీని అడ్డంగా కోశాడు. ముగ్గురి తలలూ ఒకచోట చేరాయి. పైన చెక్క గీతలున్నది ఉత్త కాగితం, అచ్చు వేసింది. దాని కింద చెక్కే లేదు. గట్టిపడిన ఫోమ్ ఉంది, గోరుతో నొక్కితే గుంటపడుతోంది.

"లోపల కట్టె లేకపోతే ఎట్ల తంతది? పాతదాంట్ల అసలు కట్టె ఉన్నది. అందుకే లేచింది" అన్నాడు లింబాద్రి.

"ఇదిగో, ఈ ఇనుప అంచు చూడు. కడ్డీల మీద జారేటప్పుడు దెబ్బంతా దీనికే తగలాలి. పాతదానిలో సగం మందం కూడా లేదు" అంది జాహిదా. "బూటు బిగించే స్క్రూలు కూడా ఫోమ్‌లోనే దిగాయి! అందుకే ఊగేవి. నా కాలే సరిగ్గా లేదనుకున్నాను."

సుమలత మాత్రం ఊడిన పొరల మధ్యకు కళ్ళు పెట్టి చూస్తోంది.

"ఏవండీ, ఇటు రండి. ఇక్కడ జిగురు తగిలింది, చూడండి, రెండు వైపులా గరుగ్గా ఉంది. ఇక్కడ మాత్రం నున్నగా ఉంది. అంటే అసలు జిగురే తగల్లేదు. పూతరేకులు చుట్టేటప్పుడు తడి తగలని చోట రేకు ఇలాగే ఎండిపోయి విడిపోద్ది. మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ చుట్టాను, నాకు తెలుసు."

లింబాద్రి వేలితో తడిమి చూశాడు. "అవును. నాకైతే కనవడకపోతుండె. జిగురు పెట్టినోడు తొందరల పెట్టిండు."

"అంటే ఎండ కాదా?"

ఈసారి అతను ఆమె ముఖం చూడలేదు. "ఇంకా తెల్వదు. ఎండ ఏం చేసిందో చూడాలె. రెండో స్కీ మంచిగనే ఉన్నది. దాన్ని రెండు ముక్కలు చేస్త. ఒకటి మేడ మీద పెట్టండి, ఒకటి లోపల నీడకు పెట్టండి. వచ్చే శుక్రవారం చూద్దాం."

సుమలత మొదటిసారి అతన్ని తేరిపార చూసింది.

ఆ వారమంతా ఇద్దరి ఫోన్లూ ఖాళీగా లేవు.

"ఇవాళ ఏం కాలేదండీ" అని సుమలత వాయిస్ మెసేజ్.

"ఏది, మేడ మీదిదా, లోపలిదా?"

"రెండూనండీ. మీరు తిన్నారా?"

"ఇది గూడ పరీక్షలో ఉన్నదా?"

"ఆయ్, ఉంది. నిజమే చెప్పాలి."

"తినలే. రూమ్‌ల అన్నం మాడింది."

మర్నాడు వాళ్ళ మేడమ్‌కి చెప్పి, అటువైపు వెళ్తున్న డ్రైవర్‌తో ఒక టిఫిన్ డబ్బా పంపింది. గోంగూర పప్పు. మరి ఆమె ఎప్పుడు తింటుందని అతను అడిగితే, అందరికీ పెట్టాక ఆఖర్న మిగిలింది తింటానని నిజమే చెప్పింది. ఎడారి ఊళ్ళో గోంగూర ఎక్కడ దొరికిందని అతను అడిగితే, మేడ మీద కుండీలో పెంచానంది. ఆ ఎండకి గోంగూర బతికిందా అని ఇద్దరూ కాసేపు చర్చించుకున్నారు. ఎండ గురించి మాట్లాడితే చాలు, ఇద్దరికీ గుండె కొంచెం వేగంగా కొట్టుకునేది. ఎందుకంటే శుక్రవారం వస్తోంది.

శుక్రవారం వచ్చింది. సుమలత టీ తేవడానికి లోపలికెళ్ళినప్పుడు లింబాద్రి రెండు ముక్కల్నీ వరండాలో పరీక్షగా చూశాడు. నీడలో ఉన్న ముక్క పైకి బాగానే ఉంది. కానీ పొర కింద కత్తిమొన పెట్టగానే జిగురు లేనిచోట అలవోకగా తెరుచుకుంది. ఎండలోని ముక్కకు కత్తి అక్కర్లేకపోయింది. అది తనంతట తానే నోరు తెరిచింది. జిగురు తగిలిన చోట్ల కూడా మెత్తబడి వదిలింది.

జాహిదా అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఎండ ఏమీ చేయలేదని చెప్పెయ్. అక్క సంతోషిస్తుంది. నేను నోరు విప్పను."

మంచి సలహానే. సుమలత నవ్వుతుంది, ఇవాళే తన మనసులో మాట కూడా చెప్పొచ్చు. లింబాద్రికి ఆ నవ్వు కళ్ళ ముందు కనిపించింది కూడా. అప్పుడే ఆమె ట్రేతో వచ్చింది.

"ఏమైందండీ?"

అతను రెండు ముక్కల్నీ ఆమె చేతిలో పెట్టాడు. "చూడండి. నీడకున్నది గూడ ఊడుతది. ఇయ్యాల గాకుంటే ఇంకో నెలకు చిన్న మేడమ్ పడుతుండె. అది చేసినోని తప్పు. కానీ..." ఒకసారి ఆగాడు. "మీ ఎండ గూడ కొంత చేసింది. తొందరగ ఊడగొట్టింది. లేదని నేను చెప్పలేను."

సుమలత రెండింటినీ తిప్పి తిప్పి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి అతను వాటిని ఆపడానికి ఏమీ అనలేదు. పక్కన నిలబడ్డాడంతే.

ఆమె జాహిదా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "కొంచెం నావల్ల కూడా, చిన్నమ్మా. మాఫ్ కరో."

"రంగు నచ్చి, ఎవరు చేశారో కూడా చూడకుండా కొన్నది నేను. నువ్వు కొంచెం, నేను చాలా" అంది జాహిదా ఆమె చెయ్యి పట్టుకుని. "ఈసారి కొనేటప్పుడు మీ ఇద్దర్నీ తీసుకెళ్తాను. యల్లా, కానివ్వండి, టీ చల్లారిపోతోంది."

సుమలత కళ్ళు తుడుచుకుని లింబాద్రికి కప్పు అందించింది. పది రోజుల్నుంచి గుండెల మీదున్న బరువు సగానికి పైగా దిగిపోయింది. మిగిలింది మోయగలిగేదే.

"కోపం వచ్చిందా?" అన్నాడతను.

"లేదండీ. ఇప్పుడు మీరేం చెప్పినా నమ్ముతాను. ఇంకేమైనా చెప్పాలా?"

లింబాద్రికి టీ పొలమారింది. దగ్గాడు. జాహిదాకు తెలుగు రాదు గానీ, ఆసక్తి మాత్రం దండిగా ఉంది. ముందుకు వంగి కూర్చుంది.

"మీరంటే నాకు ఇష్టం. మీ ఇంట్ల అడగమంటే అడుగుత. ఇది గూడ మంచిగ చూసుకునే చెప్తున్న" అన్నాడు.

సుమలత సిగ్గుపడి లోపలికి పారిపోలేదు. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి. ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. తెర మీద వాళ్ళమ్మ కనిపించింది, చేతులకు పూతరేకుల పంచదార పొడి.

"అమ్మా, ఈయన పేరు లింబాద్రి. వడ్రంగి పని చేస్తారు. నిన్నేదో అడగాలంట" అని ఫోన్ అతని చేతిలో పెట్టేసింది.

లింబాద్రి నమస్కారం పెట్టబోయి ఫోన్ జారవిడిచి, పట్టుకుని, మళ్ళీ నమస్కారం పెట్టాడు. ఆవిడ అతన్ని నిదానంగా చూసింది.

"ఏం బాబూ, మా అమ్మాయి అక్కడ బాగానే తింటోందా?"

అతను సుమలత వైపు చూశాడు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"లేదమ్మా. అందరికీ పెట్టి, ఆఖర్న మిగిలింది తింటది. కోపం గూడ జాస్తి" అన్నాడు.

అవతల ఆవిడ పంచదార చేతుల్తోనే కొంగు పట్టుకుని కళ్ళొత్తుకుంది.

"రెండేళ్ళుగా రోజూ అడుగుతున్నాను బాబూ, ఒక్క మనిషి నిజం చెప్పలేదు" అంది. "అమ్మాయీ, సెలవు పెట్టి వచ్చేటప్పుడు ఈ అబ్బాయిని కూడా తీసుకురా."