రంగుల్లో కనిపించిన డాబా

విద్యావతికి తుపాకీ అంటే భయం లేదు. పట్టుబడటం అన్నా భయం లేదు. ఆమె భయమల్లా ఒక్కటే, మూడేళ్ల కూతురు అక్షిత తనను మరిచిపోతుందేమోనని. ఇల్లు వదిలి అప్పటికి నాలుగు నెలలు. ఇల్లు నాంపల్లిలోనే, ఆమె డ్యూటీ చేసే ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరం. మిషన్ పూర్తయ్యేదాకా ఆ వైపు అడుగు పెట్టకూడదని ఆర్డర్.

2006. ఆదివారం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. మాసిన టోపీ పెట్టుకున్న ముసలాయన ముందు విద్యావతి ఆగింది.

"పాత అట్లాస్ ఉందా?"

"రంగులదా, నలుపు తెలుపుదా?"

"రంగులదే. వానకు తడవనిది."

కోడ్ సరిపోయింది. టోపీ కింద ఉన్నది ఆమె పనిచేసే గూఢచారి ఏజెన్సీ చీఫ్ ప్రహ్లాద్.

"పాప ఎట్లున్నది సార్?"

"మంచిగున్నది. జయమణి ఆంటీ చూసుకుంటున్నది కదా, ఇంకేంది? ముందు పని విను."

జయమణి పక్క పోర్షన్ ఆవిడ. విద్యావతి ఈ లోకంలో పాపను నమ్మి అప్పగించిన మనిషి ఆమె ఒక్కతే.

ప్రహ్లాద్ ఒక పుస్తకం దుమ్ము దులుపుతూ చెప్పాడు. "మీ ఆఫీసు మ్యాప్ సాఫ్ట్‌వేర్‌ల ఇన్నొద్దులు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలే. రేపు కలర్ ఇమేజరీ సర్వీస్ పెడుతున్నరు. ఇచ్చేది ఒక విదేశీ ముఠా."

"ఫొటోలు చూపిస్తే వాళ్లకేంది లాభం?"

"ఆ ఫొటోలు మన కంప్యూటర్‌ల ఉండవు. నువ్వు ఏ జాగ చూస్తే ఆ జాగ ఫొటో వాళ్ల సర్వర్ పంపుతది. అంటే నువ్వు యాడ చూస్తున్నవో వాళ్లకు ఎరుకైతది. ఐదింటికి ఆఫీసర్లు వచ్చి, రాడార్ పెట్టెలు దాచిన గోడౌన్‌ను గదే మ్యాప్‌ల చూస్తరు. గంతే, గోడౌన్ జాగ ముఠాకు దొరుకుతది."

అతను సగం అయిపోయిన పౌడర్ డబ్బా ఇచ్చాడు. అడుగు తిప్పితే పెన్ డ్రైవ్.

"దీంట్ల మన సర్వర్ అడ్రస్ ఉన్నది. ఐదు కొట్టకముందే మార్చు. మన సర్వర్ ముఠాకు తప్పుడు జాగలు చెప్తది. సెటప్‌కు వచ్చేది ఇవాంజెలిన్. ముఠాల పనిచేస్తున్నట్టు కనబడతది గానీ మన మనిషే. ఫికర్ చేయకు."

డబ్బా నుంచి చంటిపిల్ల వాసన వచ్చింది. విద్యావతి దాన్ని హ్యాండ్‌బ్యాగులో అన్నిటికంటే అడుగున పెట్టుకుంది.

సోమవారం, నాలుగు గంటలు. గన్‌ఫౌండ్రీలో మ్యాపుల ఆఫీసు, మూడో అంతస్తు. అక్కడ విద్యావతి డేటా ఎంట్రీ ఆపరేటర్. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషని ఎవరూ తల తిప్పి చూడరు. అంతకు మించిన డిస్‌గైజ్ ఏజెన్సీ దగ్గర కూడా లేదు.

ఇవాంజెలిన్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర షిఫాన్ చీర, గదినిండా సెంటు.

"పాస్‌వర్డ్ కొడుతున్న అక్కా, జర అటు తిరుగు," అంది నవ్వుతూ. 'యాడ్ సర్వీస్' బటన్ నొక్కింది, అడ్రస్ కొట్టింది, కలర్ దగ్గర టిక్ పెట్టింది. ఏదో చోటు తెరిచి సర్వీస్ పనిచేస్తోందో లేదో చూసుకుంది. తర్వాత మానిటర్ ఇటు తిప్పింది.

బూడిద రంగు హైదరాబాద్ మీద చదరం తర్వాత చదరం రంగు పరుచుకుంటోంది. చెట్లు పచ్చబడ్డాయి. రైలు పట్టాలు తుప్పు రంగుకు తిరిగాయి.

"నాకు ఫోనొచ్చింది. నీకు నచ్చిన జాగ చూసుకో, అక్కా."

ఇవాంజెలిన్ వరండాలోకి వెళ్లింది. విద్యావతి చేయి మౌస్ మీద పడింది. నాంపల్లి. స్టేషన్ వెనక సందు. డాబా మీద వాన పడకుండా కట్టిన నీలం పరదా. బ్లాక్ అండ్ వైట్‌లో ఎన్నిసార్లు వెతికినా దొరకని డాబా, ఈ రోజు నీలంగా పలకరించింది.

ఫొటో తీసిన తేదీ కింద ఉంది. ఐదు నెలల కిందటిది. అంటే ఆ రోజు ఆ పరదా కింద తానూ ఉంది, ఒళ్లో పాపతో. విద్యావతి తెర మీద వేలు పెట్టి నిమిరింది.

అప్పుడు గుర్తొచ్చింది. సర్వర్ అడ్రస్ ఇంకా మారలేదు.

ఇవాంజెలిన్ ఫోన్ చూసుకుంటూ లోపలికి వచ్చింది. "నీలం పరదా డాబా మీదేనా? పాప గాడనే ఉంటదా?"

"నువ్వు మన మనిషివి అన్నరు..."

"అందరూ గట్లనే అంటరు. నువ్వు చూసిన జాగ మా సర్వర్‌కు ఎరుకైంది. మా వాడు మీ గల్లీలనే ఉన్నడు. ఆఫీసర్లు గోడౌన్ చూసేదాంక సర్వీస్ ఆగొద్దు. ఆగితే బాసు వానికి ఫోన్ చేస్తడు. ఏమైతదో నేను చెప్పాల్నా?"

నాలుగు నలభై.

"ఇంకొక్కసారి ఇల్లు చూసుకోనీ," అంది విద్యావతి. గొంతులో ఏడుపు నటన కాదు.

"చూసుకో పో." ఇవాంజెలిన్ కిటికీ దగ్గరకు వెళ్లి, ఆఫీసర్ల జీపు కోసం రోడ్డు మీదికి చూసింది.

రంగుల ఫొటో దొరికితే మనిషి మొదట వెతికేది సొంత గూటినే. తాను చేసిన పని ఇవాంజెలిన్ మాత్రం చేయకుండా ఉంటుందా? విద్యావతి వెనక్కి వెళ్లే బాణం గుర్తు నొక్కింది. ఒకసారి నొక్కితే ఊరంతా. ఇంకోసారి నొక్కితే, ఇందాక ఇవాంజెలిన్ తెరిచి చూసుకున్న చోటు. తెర నిండా బేగం బజార్‌లో ఒక రేకుల కప్పు, పక్కనే ఆఫీసు మ్యాప్ వేసిన సందు పేరు.

మెసేజ్ పంపితే పాపకు గండం. పంపకపోయినా గండమే. బల్ల కింద ఫోన్ పట్టుకుని, కీప్యాడ్ చూడకుండానే, వేలితో సందు పేరు టైప్ చేసి ప్రహ్లాద్‌కు పంపింది. ఆ తర్వాత తెరను మళ్లీ నీలం పరదా మీదికి తెచ్చి పెట్టింది.

నాలుగు యాభై ఎనిమిదికి ఇవాంజెలిన్ ఫోన్ మోగింది. అందులో మాటలు లేవు, అరుపులే. ఆమె మెట్ల వైపు పరుగెత్తింది. కింద పుస్తకాల ముసలాయన మనుషులు ఎదురొచ్చి పట్టుకున్నారు. పైన విద్యావతి పౌడర్ డబ్బా అడుగు తిప్పింది. పెన్ డ్రైవ్. కొత్త అడ్రస్. ఓకే. తెర తెల్లబడింది. తలుపు తెరిచి ఆఫీసర్లు అడుగు పెట్టేసరికి ఊరు మళ్లీ రంగుల్లోకి వచ్చింది, ఈసారి మన సర్వర్ నుంచి.

"అబ్బ, మంచిగున్నదమ్మా కలర్," అన్నాడు పెద్దాఫీసరు.

"ఔ సార్," అంది విద్యావతి.

బేగం బజార్‌లో బాసు దొరికాడు. ఆర్డర్ అందని గల్లీ మనిషి మాత్రం పాప జోలికి పోకుండా మాయమయ్యాడు. ఆ సాయంత్రమే ప్రహ్లాద్ జయమణి గేటు దగ్గర మఫ్టీలో కాపలా పెట్టాడు. "వాడు దొరికేదాంక నువ్వు ఇంటికి పోవద్దు విద్యా. నీ వెనకే వస్తడు," అన్నాడు.

అందుకే ఒక చిన్న పని. మీరు ఎప్పుడైనా నాంపల్లి స్టేషన్ వెనక్కి వెళ్తే, నీలం పరదా కట్టిన డాబా కనిపిస్తే, జయమణి ఆంటీని పలకరించండి. పాప అన్నం తిన్నదా, అమ్మ పేరు అడిగితే చెప్తున్నదా, కనుక్కోండి. ఎవరు పంపారంటే, వానకు తడవని అట్లాస్ అడిగినావిడ అనండి.

దయచేసి ముందు మ్యాప్‌లో వెతక్కండి. నడిచి వెళ్లండి.