మామగారి పేరు

ఆ ఉదయం బేగాయిమ్ ఆవుతో ఇంగ్లీషులో మాట్లాడుతోంది.

తప్పులు పట్టదు, తొందరపెట్టదు, అర్థం కాలేదని మొహం చిట్లించదు. ఇంతకన్నా మంచి శ్రోత కరాకోల్ పట్టణం మొత్తంలో దొరకదని ఆమె నమ్మకం. పాలధార బకెట్లో సుయ్యిమని పడుతుంటే దాని వెంటే ఒక వాక్యం, ఆ వాక్యం తోక పట్టుకుని ఇంకోటి. కొండల మీద అప్పుడే పడ్డ మంచు గులాబీ రంగు తిరుగుతోంది. కొత్తగా కట్టుకున్న తలగుడ్డ మాటిమాటికీ కళ్ళ మీదికి జారుతోంది. పెళ్ళై ఒక్క వేసవి కూడా పూర్తిగా గడవలేదు. పొద్దున్నే ఒకే గ్లాసులో రెండు పళ్ళబ్రష్షులు కనబడితే చాలు, ఆమెకి ఇంకా నవ్వొస్తుంది.

"ఆవు కూడా ఊపిరి బిగబట్టింది చూడు," అన్నాడు ఆమె భర్త తిలెక్, సావిడి గుమ్మంలో నిలబడి. "ఎక్కడైనా కాస్త ఆగవే."

"ఎక్కడ ఆగాలి మరి?"

"కామా దగ్గర."

"రాసేటప్పుడైతే కనబడుతుంది. మాట్లాడేటప్పుడు కనబడదుగా."

కానీ ఆమెకి తెలుసు. ఈ మధ్యే ఒక లెక్క కుదిరింది. కామా అంటే టీ గిన్నె కింద పెట్టి మళ్ళీ ఎత్తుకోవడం. ఫుల్‌స్టాప్ అంటే ఇక చాలని గిన్నె బోర్లించడం. ఈ లెక్క దొరికినప్పటి నుంచి భయం సగం తగ్గింది. తప్పుగా రాస్తే ఎవరో నవ్వుతారని కాలేజీలో కాగితం దాచేసుకున్న పిల్ల ఇప్పుడు ఒక పేజీ రాసి పంపగలిగింది. ఊళ్ళో పర్యాటకుల కేంద్రంలో ఉద్యోగానికి అడిగిన పేజీ అది. 'మీ ఊరి మనిషి ఒకరి గురించి రాయండి' అంటే మామగారి గురించి రాసింది. పొగరుబోతు గుర్రపు పిల్లని గొంతు పెంచకుండా ఆయనెలా దారికి తెస్తాడో రాసింది.

జవాబు వచ్చింది. రాత చక్కగా ఉందట. కామాలు ఉండాల్సిన చోటే ఉన్నాయట. రేపు పొద్దున వీడియోలో మాట్లాడాలట. చివర ఒక ప్రశ్న: ఈ 'తెల్లటోపీ పెద్దాయన' ఎవరు? ఆయనకు పేరు లేదా?

బేగాయిమ్‌కి అప్పుడు గానీ తట్టలేదు. కోడలు మామగారి పేరు పలకదు. అత్తగారి పేరూ అంతే. ఆ వీధిలో ఏ కోడలైనా ఏదో ఒక మారుపేరు పెట్టుకుని రోజులు గడుపుతుంది. ఆ అలవాటు ఆమె వెంట ఇంగ్లీషులోకీ వచ్చేసింది. తీరా చూస్తే ఆ ఉద్యోగమంతా పేర్లే. ఇంట్లో ఆతిథ్యం ఇచ్చేవాళ్ళనీ, గుర్రాలు తోలేవాళ్ళనీ పేరుపేరునా విదేశీ అతిథులకి పరిచయం చెయ్యాలి. మామగారు కూడా వాళ్ళలో ఒకరు.

"ఇంగ్లీషులో అంటే తప్పేంటి?" అన్నాడు తిలెక్. "ఇంగ్లీషుకి అత్తగారు లేరుగా."

"నీకు అన్నీ ఆటలే."

"ఒక్కసారి అని చూడు. వినేది ఆవేగా."

ఆమె బకెట్ పక్కన పెట్టింది. 'వీరు మన ఆతిథేయులు' అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, చివర మామగారి పేరు గుసగుసగా అంది. ఏమీ కూలలేదు. రెండోసారి కాస్త గట్టిగా అంది. మూడోసారి అంటుంటే నవ్వాగలేదు. తిలెక్ కూడా నవ్వుతున్నాడు. ఉన్నట్టుండి అతని నవ్వు ఆగిపోయింది.

గుమ్మంలో అత్తగారు. చేతిలో దూడకి తెచ్చిన తవుడు.

ఆమె తవుడు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

టీ దగ్గర బేగాయిమ్ ఎప్పటిలా గిన్నె నింపి, రెండు చేతులా అందించింది. అత్తగారు అందుకోలేదు. తన ముందున్న ఖాళీ గిన్నెని బోర్లించింది.

"అపా," అంది, అత్తగారిని అమ్మలా పిలిచే పిలుపుతో, "పాలు తక్కువయ్యాయా?"

"నీ చేతి టీ నాకొద్దు. సావిడిలో నిలబడి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తావా? అదీ నవ్వుతూ?"

"పిలవలేదు అపా. నేర్చుకుంటున్నాను."

"ఏం నేర్చుకుంటున్నావమ్మా? నేనీ గడప తొక్కి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ పేరు నా నోట వచ్చిందేమో వీధిలో ఎవర్నైనా అడుగు. వీడు చిన్నప్పుడు ఏట్లో కొట్టుకుపోతుంటే 'ఓ పిల్లాడి తండ్రీ' అనే అరిచాను. పేరు పెట్టలేదు."

"పేరు పెట్టి అరిచుంటే నాన్న ఇంకాస్త ముందే వచ్చేవాడేమో," అన్నాడు తిలెక్ రొట్టె తుంచుతూ. "నేను చాలా నీళ్ళు తాగాను."

"నువ్వు నోర్ముయ్. పెళ్ళాన్ని వెనకేసుకొచ్చే మొగుళ్ళని చాలామందిని చూశాను." ఆమె కోడలి వైపు తిరిగింది. గొంతు తగ్గింది, కానీ పదును తగ్గలేదు. "ఉద్యోగం వద్దనలేదు నేను. మా కోడలు ఇంగ్లీషు రాస్తుందని బజారంతా చెప్పుకున్నదాన్ని. ఆ చదువే ఇంటి పెద్దని దారిన పోయేవాడిలా పిలవమంటే, దాన్ని గేటు బయటే వదిలేసి రా."

బేగాయిమ్ కళ్ళలో నీళ్ళు తిరిగి, ముందున్న జామ్ గిన్నె మసకబారింది.

"ఇంకెప్పుడూ అనను అపా. మీ ముందూ అనను, వెనకా అనను."

ఆ రోజంతా ఆమె చేతులు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. నూనెలో బూర్సోకు పిండిముక్కలు వేసి మరిచిపోయి, నల్లబడ్డాక తీసింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియలేదు. 'నా భర్తగారి తండ్రి' అని ఒకలా, 'ఈ ఇంటి యజమాని' అని ఇంకోలా వాక్యాలు మార్చి మార్చి చూసింది. వ్యాకరణం అన్నింటికీ సరిపోయింది. పేరు లేని లోటు మాత్రం ఏ వాక్యంలోనూ పూడలేదు.

"రేపు చెప్పెయ్," అన్నాడు తిలెక్. "అమ్మకి ఇంగ్లీషు రాదు."

"పేరు ఇంగ్లీషు కాదుగా, తిలెక్. అయినా మాటిచ్చాను. ఆవిడకి తెలియకపోతే మాట తప్పొచ్చా?"

మర్నాడు పొద్దున ముందుగదిలో, సిగ్నల్ అందే కిటికీ పక్కన, చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి కూర్చుంది. పొయ్యి దగ్గర తన చోట్లో అత్తగారు ఉన్ని కంబళి కుట్టుకుంటోంది. లేవలేదు, తలెత్తలేదు.

తెర మీద రాజధాని బిష్కెక్ నుంచి ఒక విదేశీ ఆవిడ నవ్వింది. మొదట అంతా బాగా నడిచింది. బేగాయిమ్ ఆగాల్సిన చోట ఆగింది, ముగించాల్సిన చోట ముగించింది. తన గొంతు తనకే కొత్తగా, అందంగా వినబడింది. ఆ ఆనందం అలా పొంగుతుండగానే ఆవిడ అంది, "ఇప్పుడు నేను మీ అతిథిని. ఆ గుర్రాల పెద్దాయనకి నన్ను పరిచయం చెయ్యండి."

"వీరు మన ఆతిథేయులు. వీరు..."

ఆగింది. అది కామా కాదు, ఫుల్‌స్టాపూ కాదు.

"నేను ఆయన్ని ఏమని పిలవాలి?" ఆవిడ మెత్తగా అడిగింది.

బేగాయిమ్ ఓరకంట పొయ్యి వైపు చూసింది. పేరు నాలుక చివరే ఉంది. పెదవులు విడలేదు.

"పరవాలేదు. మీకు ఇబ్బందిగా ఉంటే ఇక్కడితో ఆపేద్దాం," అంది ఆవిడ, ఎదుట ఉన్న కాగితాలు సర్దుతూ.

అత్తగారి సూది ఆగింది. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ మౌనం ఆమెకి తెలుసు. ఆసుపత్రి కిటికీ దగ్గర, బడిలో, పింఛను ఆఫీసులో 'మీ ఆయన పేరు?' అని అడిగిన ప్రతిసారీ తన గొంతులో అడ్డుపడింది ఇదే. ప్రతిసారీ పక్కవాళ్ళ మొహం చూస్తూ నిలబడింది, ఎవరైనా చెబుతారేమోనని.

"ఏమడుగుతోంది?"

"మామగారి పేరు, అపా."

"నీకు వచ్చుగా. చెప్పొచ్చుగా."

"మీకు మాటిచ్చాను."

అత్తగారు కంబళి పక్కకి తోసింది. మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి ఫోన్ ముందు కూర్చుని, తలగుడ్డ సర్దుకుంది. నోరు తెరిచింది. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచింది.

"ఇషెనాలి," అంది. తన మాటకి తనే ఉలిక్కిపడి, అంతలోనే ఇంకా గట్టిగా, "ఇషెనాలి. నా భర్త. గుర్రాలాయన." కోడలి భుజం పొడిచింది. "ఏడుస్తావేం? నేను చెప్పమన్నానని చెప్పు."

బేగాయిమ్ ఏడుస్తూనే, నవ్వుతూనే, ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగలేదో ఆమెకే తెలియదు. ఆవిడ నవ్వి ఇంకేదో అడిగింది. కోడలు మళ్ళీ బిగుసుకుపోయింది.

"ఇప్పుడేమైంది?"

"మీ పేరడుగుతోంది, అపా."

అత్తగారు ఒక్క క్షణం చూసి, పమిట కొసలా తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పడిపడి నవ్వింది. "బూబుసారా. ఎలాగూ వరద వచ్చింది, అదీ కొట్టుకుపోనీ."

సోమవారం నుంచి పనిలోకి రమ్మని చెప్పి ఆవిడ తెర మీంచి వెళ్ళిపోయింది. అప్పుడు కనబడ్డాడాయన. గుమ్మంలో, భుజాన జీను, చెయ్యి తలుపు మీద.

"ఎవరో నన్ను పిలిచారు," అన్నాడు మామగారు.

"ఎవరూ పిలవలేదు," అంది బూబుసారా. మొహం ఎర్రబడింది.

"గొంతు నీదిలా ఉంది."

"ఆ పిల్ల ఉద్యోగం కోసం. అవసరమై అన్నాను."

ఆయన జీను మెల్లగా దించాడు. "మా అమ్మ పోయాక ఈ ఇంట్లో ఆ పేరు వినడం ఇదే. బయట నలుగురూ పిలుస్తారు. ఇంట్లో మాత్రం నేను ఒకడి తండ్రిని, ఒకడి తమ్ముణ్ణి, తెల్లటోపీని." ఆయన జీను మీద దుమ్ము దులిపాడు. "ఈ గడప లోపల నాకూ ఒక పేరుందని నాకే గుర్తులేదు."

బూబుసారా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. గౌరవమనుకుని దాచిపెట్టుకున్నది ఆయనకి చెందాల్సిందేనని ఇప్పుడే తెలిసినట్టు, ఆమె కళ్ళు నిండి కారిపోయాయి. తుడుచుకోలేదు.

"చలిగాలి వస్తోంది. లోపలికి రండి," అంది. తర్వాత, కోడలు వింటోందని తెలిసీ, మెల్లగా, "ఇషెనాలి."

ఆయన గడప దాటలేదు. ఇంకోసారి పిలుస్తుందేమోనని అక్కడే నిలబడ్డాడు.