తీసేసిన నీడ

2069 డిసెంబరు చివరి వారం. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ట్రాము కోసం నిలబడ్డవాళ్ళు, టీ బంకుల దగ్గర చేరినవాళ్ళు, సముద్రపు గోడ మీద కూర్చుని పల్లీలు తింటున్నవాళ్ళు అందరూ ఒకే విషయం మాట్లాడుకుంటున్నారు. వచ్చే ఏడాది 'వేయి దీవులు' ఎలా ఉండబోతోంది?

వేయి దీవులు ఒక ఆన్‌లైన్ ఆట. దేశంలో చాలామందికి సాయంత్రాలు అందులోనే గడుస్తున్నాయి. నుదుటికి సన్నటి పట్టీ కట్టుకుంటే చాలు, ఎదురుగా నీలిసముద్రం, కాళ్ళ కింద ఊగే పడవ కనిపిస్తాయి. మీటలు, బొత్తాలు ఏమీ ఉండవు. నోటిమాటతోనే పడవ నడపాలి. స్నేహాలు అక్కడే కలుస్తాయి, పెళ్ళి సంబంధాలు కూడా అక్కడే కుదురుతున్నాయి. అందుకే ఆ ఆటలో రాబోయే సంవత్సరం ఎలా ఉంటుందో జనానికి వాతావరణ సూచనకన్నా ముఖ్యమైపోయింది.

ఆ సూచన చెప్పే యంత్రాన్ని కనిపెట్టింది డాక్టర్ కాదంబరి. దాని పేరు 'ప్రతిఛాయ'. అది పనిచేసే తీరు చెప్పడానికి తేలికే. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఆడిన ఆటను, మాట్లాడిన మాటలను, కోపాన్నీ నవ్వునూ గమనించి, ఆ మనిషిలాగే ప్రవర్తించే ఒక నీడను యంత్రం తయారుచేస్తుంది. అలాంటి కోట్ల నీడలను ఆటకు నకలైన మరో సముద్రంలో వదులుతుంది. అక్కడ మనకు ఒక మధ్యాహ్నం గడిచేలోగా వాళ్ళకు ఏడాది గడిచిపోతుంది. ఆటలో ఏ మార్పు తెస్తే మనుషులు ఎలా ప్రవర్తిస్తారో ముందే తెలిసిపోతుంది.

ఎవరి నీడ ఏం చేసిందో ఆ మనిషి ఒక్కరే చూడవచ్చు. చూశాక నచ్చకపోతే కారణం చెప్పకుండా ఆ ఏడాది లెక్కలోంచి నీడను తీసేయవచ్చు. ఆ నియమం రాసింది కూడా కాదంబరే. ఎవరి నీడ వాళ్ళ సొంతం అని ఆమె వాదన.

ఆ ఏడాది ఆటగాళ్ళను 'వచ్చే సంవత్సరం మీరు కోరుకునేదేమిటి?' అని అడిగితే ఎక్కువమంది చెప్పిన కోరిక ఒకటే. కొత్తవాళ్ళను వెక్కిరించని ఆట కావాలి. తప్పు చేస్తే తిట్టకుండా నేర్పేవాళ్ళు కావాలి. ఆ కోరికలు చదివి కాదంబరి 'చేయూత' అనే పద్ధతి రూపొందించింది. అనుభవం ఉన్న ప్రతి ఆటగాడూ ఒక కొత్తవారిని తన పడవలోకి తీసుకుని, చుక్కాని పట్టడం నేర్పాలి.

దానిని పరీక్షించిన రోజు గణాంకాల విభాగం అధిపతి ఇలియాస్ ఆమె గదికి వచ్చాడు. పదేళ్ళుగా కలిసి పనిచేస్తున్నవాడు, నెమ్మదస్తుడు.

"ఫలితం బానే ఉంది గానండీ, నాకు నమ్మకం కలగట్లేదు," అన్నాడు. "ఈ మధ్య ఏటేటా మనం చెప్పినదానికన్నా అసలు సంవత్సరం చెడ్డగానే ఉంటోంది. తిట్లు ఎక్కువ, ఫిర్యాదులు ఎక్కువ. యంత్రం ఎక్కడో మనుషుల్ని మంచివాళ్ళనుకుంటోంది."

"మంచివాళ్ళనుకుంటే తప్పేంటి?" అని నవ్వింది కాదంబరి.

"మంచివాళ్ళైతే తప్పు లేదు," అని అతను వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక ఆమె తన నీడ గడిపిన ఏడాదిని తెరిచింది. మొదట్లో ముచ్చటేసింది. తన నీడ ఒక కొత్త ఆటగాడికి తాళ్ళపేర్లు ఓపిగ్గా నేర్పుతోంది. తెరచాప ఎప్పుడు దించాలో చెబుతోంది. కొన్ని నెలల తర్వాత ఒక పందెంలో ఆ కొత్తవాడు తడబడ్డాడు. పడవ ఓడిపోయింది. అప్పుడు తన నీడ మిగతా జట్టువైపు తిరిగి, అతని గొంతును, అతని తడబాటును అచ్చం అతనిలాగే అనుకరించింది. జట్టంతా విరగబడి నవ్వింది. నీడ మళ్ళీ అనుకరించింది. మొదటిసారికన్నా బాగా చేసింది.

కాదంబరి ఆపేసింది. గదిలో ఎవరూ లేకపోయినా తలుపువైపు చూసింది.

"ఇది నేను కాదు," అంది.

"ఇది మీ నీడ," అంది యంత్రం, ఎప్పటిలాగే మర్యాదగా. "మీరు ఇలాగే చేస్తారని చెప్పలేను. చేసే అవకాశం ఎక్కువ అని మాత్రం చెప్పగలను."

"నేను చిన్నప్పట్నుంచీ ఎవర్నీ అలా వెక్కిరించలేదు."

"చేయూత పద్ధతి కూడా ఇంతకుముందు లేదు."

కాదంబరి మాట మార్చింది. "నీడను తీసేస్తే మొత్తం ఫలితం మారుతుందా?"

"మీ ఒక్కరివల్ల పెద్దగా మారదు. తీసేయమంటారా?"

"తీసెయ్."

యంత్రం తీసేసింది. కారణం అడగలేదు. అడగకూడదని దానికి నేర్పింది ఆమే.

నాలుగు రోజుల తర్వాత వేదిక మీద నిలబడి కాదంబరి రాబోయే సంవత్సరాన్ని ప్రకటించింది. 'ఇది కొత్తవాళ్ళ సంవత్సరం' అంది. జనం సంతోషించారు.

జనవరిలో చేయూత మొదలైంది. పద్ధతి కనిపెట్టిన మనిషి తానే ముందు నిలబడాలని కాదంబరి ఒక కొత్తవారిని ఎంచుకుంది. ఆయన పేరు పరాంకుశం. కోర్టులో గొంతెత్తితే గది నిండిపోయేదని పేరున్న లాయరు. పక్షవాతం వచ్చి తగ్గింది గాని మాట దెబ్బతింది. ఏ మాటైనా మొదటి అక్షరం దగ్గర ఆగిపోయి, ఎంతోసేపు పెనుగులాడితేగాని బయటికి వచ్చేది కాదు. నోటితో నడిపే ఆట కాబట్టి మాటకు మంచిదని డాక్టరే చెప్పాడట.

"నా... నాతో కష్టమమ్మా," అన్నాడాయన మొదటిరోజే.

"కష్టమేం లేదండీ. సముద్రానికి తొందరేం ఉంది?" అంది కాదంబరి.

నిజంగానే ఆమె ఓపిక పట్టింది. ఆయన 'ఎడమకి' అనడానికి ఎంతసేపు పట్టినా మధ్యలో అందుకోలేదు. గాలి తక్కువగా ఉండే దీవులవైపే తీసుకువెళ్ళింది. రెండు నెలలకు ఆయన పడవను ఒడ్డుకు చేర్చగలిగాడు. ఆ రోజు ఆయన నవ్వు విని కాదంబరికి కళ్ళు చెమర్చాయి. డిసెంబరులో చూసిన దృశ్యం గుర్తొచ్చి, యంత్రం ఎంత పొరబడిందో కదా అనుకుంది. నీడను తీసేసి మంచి పనే చేశాననుకుంది.

మార్చిలో తుపాను పందెం వచ్చింది. ఏడాదికి ఒకసారి జరిగే పెద్ద పోటీ. కాదంబరి పాత జట్టుతో కలిసి చాలా ఏళ్ళుగా అందులో గెలుస్తోంది. ఈసారి పరాంకుశాన్ని కూడా జట్టులో చేర్చుకుంది. చివరి మలుపులో చుక్కాని ఆయనకు ఇవ్వాలని పట్టుబట్టింది కూడా ఆమే. చూసేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. చేయూత ఎంత గొప్పదో అందరికీ తెలియాలని ఆమె కోరిక.

చివరి మలుపులో పెద్ద బండరాయి ఒకటి నీళ్ళలోంచి లేచింది. ఎడమకు తిప్పాలి. పరాంకుశానికి తెలుసు. ఆయన నోరు తెరిచాడు. "ఎ... ఎ..." అంటూ ఆగిపోయాడు. అలలహోరులో ఆయన గొంతు ఒక్కటే వినిపిస్తోంది. పడవ రాయికి తగిలి రెండు ముక్కలయింది.

పందెం పోయింది. చూస్తున్నవాళ్ళు వెళ్ళిపోయారు. జట్టులో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం కాదంబరికి భరించరానిదైంది. ఓడిపోయింది తన నిర్ణయంవల్లే. ఆ సంగతి అందరికీ తెలుసు. వాళ్ళ కోపాన్ని తనమీంచి తప్పించుకోవాలన్న ఆలోచన కూడా స్పష్టంగా ఆమెకు కలగలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎ... ఎ... ఎ..." అంది, అచ్చం ఆయన గొంతుతో. "ఆ ఎడమ పూర్తయ్యేసరికి మనకి వచ్చే ఏడాది వచ్చేస్తుంది."

జట్టంతా పగలబడి నవ్వింది. కాదంబరికి ఎంతో ఊరట కలిగింది. ఇంకోసారి అనుకరించింది. ఈసారి ఇంకా బాగా కుదిరింది.

అది జట్టువాళ్ళకు మాత్రమే వినిపించే మాటల గది. పరాంకుశం జట్టులోకి వచ్చాడన్న సంగతి ఆ క్షణంలో ఆమె మరిచిపోయింది. నవ్వులు తగ్గాక ఎవరో పట్టీ విప్పిన చప్పుడు వినిపించింది. జాబితాలో ఒక పేరు ఆరిపోయింది.

ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు పలకరించినా ఆయన జవాబివ్వలేదు. ఆటలోకి రాలేదు.

కాదంబరి ఆఫీసుకు వెళ్తూనే ఉంది గాని ఎవరి ముఖంలోకీ చూడలేకపోయింది. ఎవరైనా తడబడుతూ మాట్లాడితే చాలు, అక్కణ్ణుంచి లేచిపోయేది. తాను చేసినపని సరే, చేసేటప్పుడు హాయిగా అనిపించిందన్న సంగతి ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ హాయి యంత్రానికి ముందే తెలుసు.

జూన్‌లో ఇలియాస్ మళ్ళీ ఆమె గదికి వచ్చాడు. తలుపు వేసి కూర్చున్నాడు.

"యంత్రంలో తప్పు లేదండీ," అన్నాడు. "పేర్లు లేకుండా లెక్కలు మాత్రం ఇమ్మని యంత్రాన్ని అడిగితే తప్పెక్కడుందో దొరికింది. తమ నీడను చూసుకున్న వెంటనే తీసేసినవాళ్ళు ఉన్నారు. ఏటేటా పెరుగుతున్నారు. చెడ్డగా ప్రవర్తించిన నీడలే పోతున్నాయి, మంచివి మిగులుతున్నాయి. మనం జోస్యం చెబుతున్నది మిగిలినవాటితో."

అతను చేతిలోని కాగితం తిప్పాడు.

"అంతేకాదు. తమ నీడ చేసిన చెడ్డపని చూసి కూడా తీసేయకుండా ఉంచుకున్నవాళ్ళలో చాలామంది, తర్వాత ఆ పని చేయలేదు. ఎందుకంటే, అది అక్కడ ఉందని వాళ్ళకి తెలుసు కాబట్టి. తీసేసినవాళ్ళు మాత్రం చూసింది చూసినట్టే చేశారు. తీసేయగానే దాని సంగతి అయిపోయిందనుకున్నారేమో."

"వాళ్ళెవరో తెలుస్తుందా?"

"పేర్లు తెలియవు. ఎక్కణ్ణుంచి తీసేశారో తెలుస్తుంది. ఒక్క మన భవనంలోంచే చాలామంది తీసేశారు."

"అందులో నేనున్నానండీ," అంది కాదంబరి.

ఇలియాస్ ఆమెవైపు చూడలేదు.

"నేనూ ఉన్నాను," అన్నాడు. "మూడేళ్ళుగా తీసేస్తున్నాను. అందుకే ఇంత ఆలస్యంగా దొరికింది. వెతకాల్సిన చోట వెతకలేదు."

ఇద్దరూ కలిసి ఆ విషయాన్ని బయటపెట్టాలని నిర్ణయించుకున్నారు. తమ నీడలను తిరిగి చేర్చారు. తమ పేర్లతోనే, ఎవరైనా చూసుకోవచ్చని తెరిచిపెట్టారు. పందెంలో తాను చేసింది కూడా కాదంబరి, డిసెంబరులో సంవత్సరాన్ని ప్రకటించిన వేదిక మీదే చెప్పింది. రాళ్ళు పడతాయనుకుంది.

రాళ్ళు పడలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదన్నారు. ఇంత ధైర్యమా అని రాశారు. లక్షలమంది తమ నీడలను తిరిగి చేర్చారు. ఒక వారంలోనే కాదంబరి ఇదివరకటికన్నా గొప్పదైపోయింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమెకు కడుపునిండా తినబుద్ధయింది.

ఆ ఉత్సాహంతోనే ఒక ఉదయం పెదవాల్తేరులో పరాంకుశం ఉంటున్న ఫ్లాటు వెతుక్కుంటూ వెళ్ళింది. తలుపు ఆయనే తీశాడు. ఆమెను గుర్తుపట్టి, చేత్తో లోపలికి రమ్మన్నాడు. కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. ఒక్కమాటా అనలేదు.

కాదంబరి అంతా చెప్పింది. డిసెంబరులో నీడను చూసిన సంగతి, తీసేసిన సంగతి. "నన్ను క్షమించమని అడగడానికి వచ్చానండీ. మీరు తిట్టినా పర్వాలేదు," అంది. "మళ్ళీ ఆటలోకి రండి. మీరు చక్కగా నడిపేవారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి పెదవులు కదిలాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"కో... కోపం పోయిందమ్మా," అన్నాడు. "మాట్లాడాలంటే... సిగ్గుగా ఉంది. నీ దగ్గరే కాదు. కూ... కూరల కొట్లో కూడా... వేలు చూపిస్తున్నాను."

"సిగ్గుపడాల్సింది నేనండీ," అంది కాదంబరి.

"అవును. నువ్వే."

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. ఒకప్పుడు కోర్టులో సాక్షిని చూసినట్టు, ఏ కోపమూ లేకుండా ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వు... తీసేశావు. తర్వాత చెప్పేస్తే... జనం చ... చప్పట్లు కొట్టారు. మరి ఆ సి... సిగ్గు... ఎక్కడో ఒకచోట ఉండాలి కదమ్మా. నా దగ్గర ఉంది."

కాదంబరి ఎంతోసేపు అక్కడే కూర్చుంది. దాన్ని ఆయన దగ్గర్నుంచి తిరిగి తీసుకునే దారి ఆమెకు తోచలేదు. ఆయన లేచి వెళ్ళి తలుపు తెరిచి, ఆమె చెప్పులవైపు వేలు చూపించాడు.