మ్యాట్నీలో పలికిన మాట

పూనకం వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చే మాట అమ్మవారిదా, ఆ మనిషిదా? ఈ అనుమానం సావిత్రమ్మకు పెళ్ళయిన మరుసటి ఏడాది పట్టుకుంది. కూతురు చదువు ముగించి ఉద్యోగానికి సిద్ధమైనా ఇంకా వదల్లేదు. అలాగని ఆమె నమ్మకం లేని మనిషి కాదు. దీపం పెట్టందే పొయ్యి వెలిగించదు. మంగళ, శుక్రవారాల్లో గడపకు పసుపు పూసేటప్పుడు మాత్రం ఆ అనుమానం గుర్తొచ్చి వేళ్ళు ఒక్క క్షణం ఆగేవి. దండం పెట్టుకుని లేచేది. ఎవరితోనూ అనలేదు.

ఆ ఆదివారం పొద్దున ఆమె దోసెలు పోస్తుంటే పక్కింటి సుమలత ప్రహరీ మీదుగా తొంగిచూసింది.

"అక్కా, మొన్న రిలీజైన పోలీసు సినిమాకు పోవచ్చునా?"

మదనపల్లెలో ఆ వీధి ఆడవాళ్ళకు సావిత్రమ్మ మాటే తీర్పు. నెలకు ఒకటో రెండో సినిమాలు చూస్తుంది. చదివింది పదో తరగతి. ఏ సినిమానైనా వంటతోనే కొలుస్తుంది.

"ఫస్టాఫ్‌లో ఉప్పు సరిపోయినాది మే. సెకండాఫ్‌లో నీళ్ళు పోసి పొంగించినారు. ఆ హీరో నూరుమందిని కొట్టినా సొక్కా నలగలే. మా ఆయన అంగట్లో ఒక బియ్యం మూట దించితేనే ఒళ్ళంతా తడిసిపోతాది."

"మరి ఆ దయ్యం సినిమా?"

"దయ్యానికి లిప్‌స్టిక్కు ఏసినారు. ఇంగ భయం యాడొస్తాది? మా అత్త పొద్దున్నే జుట్టు ఇరబోసుకుంటే దానికన్నా ఎక్కువ భయం."

"వినపడతాండాది మే! కండ్లు మసకబారినాయేమో గానీ చెవులు బాగుండాయి నాకు!" లోపల మంచం మీద నుంచి అత్త అన్నపూర్ణమ్మ అరిచింది. దోసె తింటున్న అశ్వినికి నవ్వొచ్చి పొలమారింది.

అప్పుడే సావిత్రమ్మ భర్త గంగులయ్య వచ్చాడు. "ఈ పొద్దు మ్యాట్నీకి పోదాం. ఆ అమ్మవారి సినిమా. టికెట్లు తీసుకున్నా. అమ్మను గూడా పిలుచుకోని పోదాం" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. అశ్వినికి కుప్పంలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. బుధవారం చేరాలి. హాస్టల్ కూడా మాట్లాడుకుంది. తండ్రి పొమ్మనలేదు, వద్దనలేదు. అడిగినప్పుడల్లా "సూద్దాం" అంటాడు, అంగడికి వెళ్ళిపోతాడు.

అశ్విని వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, అవ్వను యాల తీసుకపోతాండాడో నీకు తెల్దా? ఆ డప్పులకు అవ్వకు పూనకం వస్తాదని. అవ్వ నోటితో వద్దనిపిస్తే నాన్నకు చెడ్డపేరు రాదు."

"మీ నాయినను అట్ట అనగాకు" అంది సావిత్రమ్మ. కానీ పెనం మీద దోసె తిప్పడం ఆమె మరచిపోయింది.

ఎందుకంటే అది ఒకసారి జరిగింది.

అప్పుడు వాళ్ళు పుంగనూరులో ఉండేవాళ్ళు. పలమనేరు దగ్గర ఒక పల్లెలో సావిత్రమ్మకు అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. వారంలో చేరాలి. గంగజాతర నాడు అమ్మవారి ఊరేగింపు ఇంటి ముందుకు రాగానే పంబ డప్పు మోగింది. అన్నపూర్ణమ్మ జుట్టు విరబోసుకుని గడప మీద నిలబడింది. కొత్త కోడలి గడ్డం పట్టుకుని, "ఈ బిడ్డ గడప దాటకూడదు. ఈ చేతులతో నాకు కుండెడు అంబలి పొయ్యాల" అంది. ఇంటిల్లిపాదీ సాష్టాంగపడ్డారు. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

సావిత్రమ్మ అంబలి పోయలేదు. పొయ్యమని ఎవరూ గుర్తుచేయలేదు కూడా. 'అంత కావాలంటే ఆమే వచ్చి అడుగుతుందిలే' అని అనుకుంది, ఉడుకుమోత్తనంతో. తర్వాత వాళ్ళు మదనపల్లెకు మారారు. అన్నపూర్ణమ్మకు మళ్ళీ పూనకం రాలేదు.

థియేటర్లో నలుగురూ వరసగా కూర్చున్నారు. ఒక చివర అశ్విని, పక్కన సావిత్రమ్మ, తర్వాత అత్త, ఆ తర్వాత గంగులయ్య.

"గుడి కొత్త సెట్టింగు" సావిత్రమ్మ కూతురి చెవిలో అంది. "దీపం కింద ఒక్క నూనె మరక గూడా లే. అమ్మవారు సూడు, పెండ్లికి పోతాండట్టు ఉండాది."

"అమ్మా, గమ్మునుండు. ముందు సీటోళ్ళు తిరిగి సూస్తాండారు."

ఇంటర్వెల్ అయ్యాక జాతర సన్నివేశం వచ్చింది. పంబ మోగింది. అది మామూలు సినిమా సంగీతం కాదు. ఎక్కడో నిజం జాతరలో పట్టుకొచ్చిన మోత. సావిత్రమ్మ గబుక్కున అత్త మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, నిదానంగా ఉంది. అత్తకేమీ కాలేదు.

ఏసీ హాల్లో ఎక్కడి నుంచో పచ్చి వేపాకు వాసన వచ్చింది. అరికాళ్ళు వెచ్చబడ్డాయి. నేల కాలుతోందేమోనని సావిత్రమ్మ కాళ్ళు పైకి లాక్కుంది. వేడి కాళ్ళతోపాటే వచ్చింది. 'ఈ డప్పు మాత్రం నిజం' అని కూతురికి చెబుదామని నోరు తెరిచింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

ముఖం మీద నీళ్ళు పడ్డాయి. కళ్ళు తెరిస్తే థియేటర్ వరండా మెట్ల మీద ఉంది. జుట్టు విడిపోయింది. గొంతు గీరుకుపోయింది. పాప్‌కార్న్ అమ్మే ఆవిడ ఆమె పాదాల మీద తల పెట్టి, "తల్లీ, నా కొడుకు తాగుడు మానతాడా, సెప్పు తల్లీ" అని ఏడుస్తోంది. అశ్విని స్తంభం దగ్గర నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు.

ఇంటికొచ్చాక గంగులయ్య చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "తీసుకోండి" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆమెను 'అండి' అని పిలవలేదు. పక్కన మంచం ఖాళీగా ఉన్నా కింద చాప మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, నన్ను యాల అట్ట సూస్తాండావు?"

"ఏం లే... మీరు పండుకోండి."

సావిత్రమ్మ కూతురి వైపు తిరిగింది. "అశ్వినీ, నువ్వన్నా సెప్పు. ఏమైనాది?"

అశ్విని ఫోన్ చేతికిచ్చింది. హాల్లో ఎవరో వీడియో తీశారు. అప్పటికే వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతోంది. వెనక తెర వెలుగు, ముందు జుట్టు ముఖాన పడి ఊగుతున్న ఒక ఆడమనిషి. చీర తనదే. గొంతు తనది కాదు. అది బొంగురుగా ఉంది, చాలా వయసున్న గొంతు.

"ఈ బిడ్డ గడప దాటకూడదు." ఆ చెయ్యి అశ్వినిని చూపించింది. తర్వాత ఆ ముఖం నెమ్మదిగా ఫోన్ వైపు తిరిగింది. చూస్తున్న సావిత్రమ్మనే అడుగుతున్నట్టు అడిగింది. "నా అంబలి యాడే? ఇన్నేండ్లు ఓర్చుకుంటి. నా అంబలి యాడే?"

అందరూ లేచి నిలబడ్డ ఆ వరసలో అన్నపూర్ణమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. చాలాకాలానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు ఆ ముఖంలోకి చూస్తోంది.

"ఇది నేను కాదు" అంది సావిత్రమ్మ.

"నువ్వేనమ్మా. నా పక్కనే నిలబడి చెప్పినావు." అశ్విని ఫోన్ వెనక్కి తీసుకుంది. "చదువుకోమనింది నువ్వు. కుప్పం పొమ్మనింది నువ్వు. అందరి ముందర వద్దనిందీ నువ్వే."

అంబలి పోయలేదన్న సంగతి సావిత్రమ్మ ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు. 'ఆమే వచ్చి అడుగుతుందిలే' అనుకున్న మాట మనసులోనే అనుకుంది. అది ఎవరు విన్నారు?

పొద్దుగూకే వేళ అన్నపూర్ణమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిలో ఆముదం గిన్నె ఉంది.

"కాళ్ళు ఇట్ట సాపు. అరికాళ్ళు మండతాండాయి కదా?"

"నీకెట్ట తెల్సు అత్తా?"

"నాకు మూడు దినాలు మండె. నాలుక కొరుక్కున్యావేమో సూసుకో."

ఇంట్లో అందరూ దూరం జరిగితే, ఇన్నేళ్ళూ తాను లోపల్లోపల దూరం పెట్టిన మనిషి వచ్చి కాళ్ళకు ఆముదం రాస్తోంది. సావిత్రమ్మ వద్దని కాళ్ళు లాక్కోబోయింది. ముసలి చేతులు వదల్లేదు.

"అత్తా, ఆ పొద్దు జాతరలో నువ్వు ఏమన్యావో నీకు గుర్తుండాదా?"

ఆముదం రాస్తున్న చెయ్యి ఆగింది. "లే. సాయంత్రం గంగులు సెప్తే తెల్సింది. నువ్వు ఆ పల్లెకు ఎండలో నడిచి పోవాల కదాని నీకు గొడుగు కొనింటి మే. బీరువాలో దాపెట్టింటి. ఇంగ నీ కంట పడకూడదని మా చెల్లెలికి ఇచ్చేస్తి."

"మరి ఆ మాట ఎవరిది అత్తా?"

"నాకేం తెల్సు? నిన్ను పంపాలనీ ఉన్నె. నువ్వు పోతే ఇల్లు బోసిపోతాదనీ ఉన్నె. రెండూ నా కడుపులోనే ఉన్నె. తల్లి చెయ్యి పెట్టి ఏది తీసిందో! మళ్ళా నా మీదికి రాకూడదని అప్పటినుంచి డప్పు మోగే వీధిలోకే పోలే. ఇప్పుడు ముసిలిదాన్నయితి, ఇంగ నా జోలికి రాదులే అని సినిమాకు వస్తి."

సావిత్రమ్మ కళ్ళనీళ్ళు ఆగలేదు. అశ్విని పెట్టె సర్దుతుంటే రాత్రిళ్ళు తనకు నిద్ర పట్టకపోవడం గుర్తొచ్చింది. ఆ సంగతి తనకు తానే చెప్పుకోలేదు.

సోమవారం పొద్దున గంగులయ్య అంగడి తాళాలు చేతిలో పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "అశ్వినీ, కుప్పం మాట మర్చిపో. అమ్మవారు సెప్పేసింది. ఇంగ నాదేముండాది?"

"అమ్మవారు చెప్పకముందు మాత్రం నీదేముండె నాన్నా? సూద్దాం, సూద్దాం!" అశ్విని లేచి నిలబడింది. "నువ్వు వద్దను. నీ నోటితో అను. అప్పుడు నీతో కొట్లాడతా. అమ్మవారితో నేనెట్ట కొట్లాడేది?"

"నోరు మూయ్! దేవుడి మాటకు ఎదురు..."

"రేయ్ గంగులూ!" అన్నపూర్ణమ్మ చేతికర్రతో నేలను కొట్టింది. "జాతరలో అమ్మ పొట్టేలును అడిగితే, ఇచ్చుకోలేనోళ్ళు ఏం సేస్తారురా?"

"కోడితో సరిపెట్టుకో తల్లీ అని బతిమాలుకుంటారు."

"వానకు బతిమాలితిరి. పంటకు బతిమాలితిరి. ఆవు ఈనకపోతే బతిమాలితిరి. నా కోడలి కోసం ఆ పొద్దు ఒక్కడన్నా నోరు తెరిచినాడా? అడిగేది అమ్మ పని. బిడ్డల తరపున అడుక్కునేది మన పని. నువ్వు సాష్టాంగపడి లేచి, నిమ్మళంగా కూసోని అన్నం తింటివి."

సావిత్రమ్మ భర్త వైపు చూసింది. "నీకు ఆ పొద్దు నిమ్మళమైనాదా?"

గంగులయ్య తాళాలు జేబులో వేసుకున్నాడు. "అయినాది. నువ్వు ఉద్యోగానికి పోతే ఇంగ నన్ను లెక్కపెట్టవేమోనని భయం. ఆ మాట అనలేక ఉంటి. అమ్మవారు అనేసరికి..." అతను గడప మీద కూలబడ్డాడు. "నిన్న గూడా అంతే సావిత్రీ. టికెట్లు అందుకే తీసుకున్నా. బిడ్డను పంపి ఎట్టుండేది?"

అతను మళ్ళీ తనను పేరుపెట్టి పిలిచాడు. సావిత్రమ్మకు అదే కొండంత ఊరట. కూతురి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"నాకూ అదే భయం అశ్వినీ. నిన్న నా నోట్లోంచి వచ్చిన మాట ఎవరిదో నాకు తెల్దు. అమ్మవారిదయితే పోయి బతిమాలుకుందాం. నాదయితే నేనే వెనక్కి తీసుకుంటా. దేనికైనా అంబలి మాత్రం కాయాల."

అశ్విని తల్లి మెడ కరచుకుని ఏడ్చేసింది.

ప్రయాణానికి మంగళవారం వద్దంటారు. గంగమ్మకు మాత్రం మంగళవారమే ఇష్టం. సావిత్రమ్మ తెల్లారకముందే లేచి రాగిపిండి కాచింది. చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయలు తరిగి కలిపింది. కుండకు పసుపు పూసి, వేపమండ కట్టింది. బయలుదేరుతుంటే సుమలత చేతులు జోడించి ఎదురొచ్చింది.

"అక్కా... అమ్మా... సినిమా ఎట్ట ఉండాది?"

"అక్కనే మే నేను. సెకండాఫ్ సూడలే. డప్పు మాత్రం నిజం."

కుప్పం బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. సావిత్రమ్మ కుండను ఒళ్ళో పెట్టుకుని దారంతా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నలుగురూ పుంగనూరులో దిగి, తాము ఒకప్పుడు ఉండిన వీధి చివర ఉన్న చిన్న గంగమ్మ గుడికి వెళ్ళారు. లోపల ఎవరూ లేరు. డప్పు లేదు, గంట లేదు. వేపాకు వాసన మాత్రం ఉంది, థియేటర్లో వచ్చినటువంటిదే.

గంగులయ్య చేతులు జోడించాడు. పైకే అన్నాడు.

"తల్లీ, నా బిడ్డ కుప్పం పోతాది. నువ్వు వద్దంటివి. కాదంటాండానని కోపగించుకోగాకు. నీక్కావల్సింది అడుగు, ఇచ్చుకుంటాం. బిడ్డను మాత్రం పోనీ. ఆ పొద్దు నా పెండ్లాం కోసం అడగలేకపోతి. దానికి గూడా మన్నించు."

బదులేమీ రాలేదు. సావిత్రమ్మ ముందుకెళ్ళి రాతి పీఠం మీద అంబలి పోసింది. ఆదివారం నుంచి నిప్పుల మీద నిలబడ్డట్టు మండుతున్న అరికాళ్ళు ఒక్కసారిగా చల్లబడ్డాయి. ఆమె ఉలిక్కిపడి కిందికి చూసుకుంది. కాళ్ళ కింద మామూలు బండే.

బస్సు వేళయింది. అశ్విని దండం పెట్టుకుని, తల్లి చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, సంచి భుజాన వేసుకుని గుడి గడప దాటింది. పెట్టె మోస్తూ తండ్రి వెనకే నడిచాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా సావిత్రమ్మ చూస్తూనే ఉంది.

కుండలో మిగిలిన అంబలి చెంబులోకి వంచి, మెట్టు మీద కూర్చున్న అత్తకు తన చేతులతోనే అందించింది. అన్నపూర్ణమ్మ ఎత్తిన చెంబు దించకుండా, ఎన్నాళ్ళ దాహమో తీరుతున్నట్టు తాగింది.

"ఉప్పు సరిపోయినాది" అంది.

బొంగురుగా, చాలా వయసున్న గొంతు. సావిత్రమ్మ చటుక్కున తలెత్తింది. అత్త మాత్రం మామూలుగానే కొంగుతో మూతి తుడుచుకుని, కళ్ళజోడు కోసం పక్కన తడుముకుంటోంది.

సావిత్రమ్మ ఏమీ అడగలేదు. కళ్ళజోడు తీసి చేతికిచ్చి, ఖాళీ కుండను మెట్టు మీద బోర్లించింది.